పైకప్పు లేని చర్చి, గొలుసు పట్టుకుని దిగిన మెట్లు

బార్సిలోనాలోని సగ్రాద ఫమీలియా చర్చికి రూపమిచ్చిన వాస్తుశిల్పి ఆంటోనీ గౌడీ 1926 జూన్ 10న పోయాడు. అంతకు మూడు రోజుల ముందు బార్సిలోనా వీధిలో ట్రాము గుద్దింది. మాసిన బట్టలు చూసి జనం ఎవరో బిచ్చగాడనుకున్నారు. 2026తో ఆయన పోయి నూరేళ్ళు. శతవర్ధంతి అనగానే అందరూ సగ్రాద ఫమీలియా కొత్త ఫోటోలు పెడుతున్నారు. శిలువతో కలిపి 172.5 మీటర్లు వెళ్ళే నడి గోపురం, రంగుల వెలుతురు నిండిన లోపలి మంటపం. అవి చూస్తుంటే కళ్ళ ముందుకొచ్చేది మాత్రం పాత రూపమే. పైకప్పు లేని చర్చి. అటూ ఇటూ గోడలు, మధ్యలో ఆకాశం.

అప్పట్లో లోపలికి అడుగుపెడితే కొవ్వొత్తుల వాసన కాదు, తడి రాతిపొడి వాసన కొట్టేది. రాయి కోసేటప్పుడు రంపం వేడెక్కకుండా, పొడి లేవకుండా నీళ్ళు వదులుతారు. ఆ నీళ్ళూ పొడీ కలిసి బూడిదరంగు బురదై కాలువ కట్టేది. చెప్పులకంటుకుని ఎండిందంటే ఒక పట్టాన వదిలేది కాదు. రంపం కీచుమనే చప్పుడు, క్రేను మోటారు రొద, వాటి మధ్య ఎక్కడో ఒక మూల ఉలి చప్పుడు. చూడటానికి వచ్చినవాళ్ళకి చెక్కబల్లలు అడ్డం పెట్టి దారి వదిలేవాళ్ళు. ఆ దారికి బారెడు దూరంలో, రేపో మాపో పైకెక్కాల్సిన రాళ్ళు నంబర్లు వేసుకుని వరసగా నేలమీదే ఉండేవి. నలభై అయిదు మీటర్ల ఎత్తుకు పోయాక ఎవరికీ కనపడని చెక్కుడు పని, అప్పుడు మోకాలి ఎత్తులో కనపడేది.

1882లో మొదలైన పని అది. మరుసటి ఏడాది గౌడీ చేతికొచ్చింది. ఆయన పోయేనాటికి పూర్తయింది ఒక్క గంట గోపురమే. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం మొదలవగానే కింది గదికి నిప్పు పెట్టారు, నక్షాలు కాలిపోయాయి, సున్నపు నమూనాలు ముక్కలయ్యాయి. ఆ ముక్కల్ని ఏరి, అతికి, కొలతలు మళ్ళీ రాబట్టి కడుతూ వచ్చారు. నేలకింది మ్యూజియంలో ఒక గాజు అద్దం ఉంటుంది. దాని వెనక నమూనాలు చేసేవాళ్ళు పని చేసుకుంటూ కనిపించేవాళ్ళు. గాజుకు ముక్కు ఆనించి ఎంతసేపు నిలబడినా వద్దనేవాళ్ళు లేరు. ఆ దగ్గర్లోనే గౌడీ లెక్క కట్టే పద్ధతి తెలిపే తాళ్ళ నమూనా వేలాడుతుంటుంది. ఆయన కొలోనియా గ్వెల్ చర్చి కోసం చేసినదాని నకలు అది. దారాలు వేలాడదీసి, బరువు పడే చోటల్లా చిన్న సీసపు సంచులు కట్టాడు. బరువుకి దారం తనంతట తాను ఒక వంపు తీసుకుంటుంది. ఆ వంపును తలకిందులు చేస్తే అదే బరువును మోసే ఆర్చి. లాగుడు ఎక్కడుందో, తిరగేస్తే ఒత్తిడి అక్కడే. కింద అద్దం పెట్టి చూస్తే గోపురం నిటారుగా కనపడుతుంది. లోపలి స్తంభాలు చెట్ల కొమ్మల్లా ఎందుకు వాలి ఉన్నాయో ఈ దారాల ముందు రెండు నిమిషాలు నిలబడితే ఎవరికైనా బోధపడుతుంది. చాలామంది ఇప్పుడు దాన్ని దాటుకుని దుకాణంలోకి వెళ్ళిపోతున్నారు. అలా పోకండి.

2010లో పైకప్పు మూశారు, నవంబరులో పోప్ వచ్చి ప్రతిష్ఠించాడు. ఇప్పుడు గంట ప్రకారం ముందే ఆన్‌లైన్లో టికెట్టు తీసుకోవాలి. గోపురం ఎక్కాలంటే దానికి అదనం. పైకి లిఫ్టు, కిందికి ఇరుకైన మెలి మెట్లు. మోకాళ్ళు నొప్పి ఉన్నవాళ్ళకీ, కళ్ళు తిరిగేవాళ్ళకీ ఆ దిగడం మంచిది కాదు. వేళ ఎంచుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. తూర్పువైపు అద్దాలు నీలం, ఆకుపచ్చ. పడమటివైపువి ఎరుపు, నారింజ. పొద్దున తొమ్మిది, పది మధ్య వెళ్తే స్తంభాల మీద నీలివెలుగు పడుతుంది. పొద్దు వాలే ముందు వెళ్తే నిప్పురంగు. మిట్టమధ్యాహ్నం వెళ్తే రెండూ పలచబడతాయి, జనం మాత్రం చిక్కబడతారు. స్తంభాల రాళ్ళు కూడా చూడండి. నడిమధ్యన ఎక్కువ బరువు మోసే నాలుగూ ఎర్రటి పోర్ఫిరీ, ఆ తర్వాత బరువు తగ్గే కొద్దీ బసాల్టు, గ్రానైటు, చివరికి ఇసుకరాయి. ఏ స్తంభం ఎంత మోస్తోందో రంగే చెబుతుంది.

*

రోములో చర్చిలంటే గుర్తొచ్చేది నాణెం చప్పుడు. చీకటి చీకటిగా ఉండే పక్క మంటపం, గోడకి ఒక ఇనపపెట్టె, దానికి సన్నని చీలిక. నాణెం వేస్తే లోపల టక్కుమని పడేది. ఒక క్షణం ఏమీ జరిగేది కాదు. తర్వాత ఎక్కడో గడియారం ముల్లు తిరుగుతున్నట్టు గరగర, ఆ వెంటనే దీపం. శాన్ లుయీజీ దేయి ఫ్రాంచేజీ చర్చిలో కరవాజో గీసిన మూడు పెద్ద చిత్రాలు అలా ఒక్కసారిగా చీకట్లోంచి బయటికొచ్చేవి. ఎవరో వేసిన నాణేనికి చుట్టూ ఉన్నవాళ్ళందరూ గబగబా మూగేవాళ్ళు. నిమిషమో, నిమిషంన్నరో. టప్. మళ్ళీ చీకటి. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు, ఈసారి ఎవరు వేస్తారా అని.

లీరాలు పోయి యూరోలు వచ్చాయి, కొన్నిచోట్ల కార్డు గీకే యంత్రాలూ వచ్చాయి, కానీ ఆ పెట్టెలు ఇంకా చాలా చర్చిల్లో ఉన్నాయి. సాంతా ప్రస్సేదేలో బంగారు మొజాయిక్ మంటపానికీ ఇలాంటి పెట్టే ఉంది. రోము వెళ్ళేవాళ్ళు జేబులో కాసిని చిల్లర యూరో నాణేలు ఉంచుకోవాలి. నోటు ఇచ్చి చిల్లర అడగడానికి లోపల ఎవరూ ఉండరు. ఇంకో మాట, మధ్యాహ్నం పన్నెండు దాటితే చాలా చర్చిలు తలుపులు మూసి మూడు, నాలుగు గంటల దాకా తీయవు. పెద్ద బసిలికాలకి ఈ బాధ లేదు. అందుకని చిన్న చర్చిలు పొద్దున, పెద్దవి మధ్యాహ్నం.

పురాతన రోమన్ గుడి పాంథియన్‌కి 2023 జులై దాకా టికెట్టే లేదు. దారిన పోతూ పోతూ లోపలికి దూరి, పైన ఉన్న ఆ గుండ్రటి రంధ్రం కేసి ఓసారి తల ఎత్తి, బయటికొచ్చేసేవాళ్ళు ఊరివాళ్ళు. వాన పడితే మాత్రం అందరూ లోపలికే పరుగు. రంధ్రం సుమారు తొమ్మిది మీటర్లు. దానికి మూత లేదు. వాన తిన్నగా లోపల పడుతుంది. నేల మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉండి, నీళ్ళు పోవడానికి పలకల్లో చిన్న చిన్న కన్నాలు ఉన్నాయి. కాళ్ళకింద వెతికితే కనిపిస్తాయి. 43.3 మీటర్ల వెడల్పు, సరిగ్గా అంతే ఎత్తు. ఇనుము లేకుండా ఒట్టి కాంక్రీటుతో కట్టిన గుమ్మటపు గోపురాల్లో ఇప్పటికీ ఇదే పెద్దది. నిలిచింది ఎలాగంటే, కాంక్రీటులో కలిపిన రాయిని కింద బరువైనదీ, పైకి పోయే కొద్దీ తేలికైనదీ వాడారు. రంధ్రం దగ్గరికొచ్చేసరికి నీళ్ళలో తేలే ప్యూమిస్ రాయి.

*

పీసా గోపురం ఎక్కడం ఇప్పటివాళ్ళకి చెబితే నమ్మరు. ప్రతి అంతస్తులోనూ స్తంభాల వరండాలోకి బయటికి రానిచ్చేవాళ్ళు. దానికి పిట్టగోడ లేదు, కమ్మీ లేదు. నున్నటి పాలరాయి, అది కూడా దక్షిణానికి వాలి ఉండేది. చినుకు పడితే జారుడుబల్లే. పిల్లల్ని ఎత్తుకుని గోడకి వీపు ఆనించి పక్కపక్కగా జరిగేవాళ్ళు. మెట్లు రెండు గోడల మధ్య మెలితిరుగుతూ పోతాయి. ఎక్కుతున్నవాడిని ఆ వాలు ఒకసారి లోపలి గోడకి తోస్తుంది, అర చుట్టు తిరిగేసరికి బయటి గోడకి తోస్తుంది. వందల ఏళ్ళ పాదాలు కూడా అలాగే పడ్డాయి గనక మెట్టు అరిగిన చోటు కూడా చుట్టుతో పాటు కుడికీ ఎడమకీ మారుతూ ఉంటుంది. కళ్ళు మూసుకుని ఎక్కినా గోపురం ఎటు వాలిందో అరికాలు చెప్పేస్తుంది.

1989 మార్చిలో పావియా ఊళ్ళో ఒక పాత గోపురం ఉన్నట్టుండి కూలి నలుగురు చనిపోయారు. అది వాలిన గోపురం కూడా కాదు. ఆ భయంతో 1990 జనవరిలో పీసా గోపురం తలుపులు మూశారు. మళ్ళీ తెరిచింది 2001 డిసెంబరులో.

ఆ పదకొండేళ్ళలో వెళ్ళినవాళ్ళకి కనపడింది ఉత్తరం వైపు అడుగున పేర్చిన సీసపు దిమ్మలు. ఫోటోలు పాడవుతున్నాయని అందరూ తిట్టుకునేవాళ్ళు. కానీ ఆ దిమ్మలే గోపురాన్ని నిలబెట్టాయి. దాని వాలు అయిదున్నర డిగ్రీలకు చేరింది. కింద మెత్తటి బంకమన్ను, దక్షిణం వైపు ఎక్కువ దిగబడింది. మూడో అంతస్తు దాకా కట్టాక 1178 ప్రాంతంలో పని ఆగిపోయి దాదాపు వందేళ్ళు ఆగింది కాబట్టి బతికింది. ఆ వందేళ్ళలో బరువుకి మన్ను గట్టిపడింది. ఆగకుండా కట్టేసి ఉంటే అప్పుడే పడిపోయేది. తర్వాతి మేస్త్రీలు వాలు సరిచేద్దామని పై అంతస్తులు ఒకవైపు ఎత్తు పెంచి కట్టారు. అందుకే దూరం నుంచి చూస్తే గోపురం తిన్నగా వాలి ఉండదు, కొంచెం వంపు తిరిగి ఉంటుంది.

1995లో ఆ సీసం తీసేసి, భూమిలోకి లోతుగా తీగలు దింపి లాగి కడదామనుకున్నారు. తవ్వాలంటే నీరు ఊరుతోంది. నీరు ఆపడానికి ద్రవ నైట్రోజన్‌తో నేలను గడ్డకట్టించారు. మంచు వ్యాకోచించింది, నేల కదిలింది, సెప్టెంబరులో ఒక్క రాత్రిలో గోపురం ఇంకా మిల్లీమీటరు పైచిలుకు వాలింది. మిల్లీమీటరే కదా అనుకోకూడదు. అది మామూలుగా ఏడాది మొత్తానికి వాలేంత. పరుగున మరో మూడు వందల టన్నుల సీసం తెచ్చి పెట్టారు. చివరికి పని చేసింది చాలా సాదా ఉపాయం: వాలిన వైపు ఎత్తడం కాదు, వాలని ఉత్తరం వైపు అడుగున ఏటవాలు గొట్టాలు దింపి కొంచెం కొంచెంగా మన్ను తీసేయడం. గోపురం తన బరువుతో తానే ఆ ఖాళీలోకి నిదానంగా కూర్చుంది. పైభాగం నలభై సెంటీమీటర్లకు పైగా వెనక్కి వచ్చింది. వాలు నాలుగు డిగ్రీలలోపుకు తగ్గింది. అక్కడితో ఆపేశారు. ఆపడమే గొప్ప సంగతి.

ఇప్పుడు వేళ ప్రకారం చిన్న చిన్న గుంపులుగా పంపుతున్నారు. సంచులు కింద లాకర్లో పెట్టాలి, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ప్రవేశం లేదు. సంచి పెట్టడానికీ, వరసలో నిలబడటానికీ టికెట్టు వేళకి ముందే పది, పదిహేను నిమిషాలు చేతిలో ఉంచుకోవాలి. వేళ దాటితే టికెట్టు పోయినట్టే.

*

ఫిల్ము రోజుల్లో ఒక కట్టడానికి ముప్పైఆరు ఫోటోలంటే విలాసం. గోపురం లోపలి భాగం తీయడానికి ఫ్లాషు పనికిరాదు, అంత ఎత్తుకు అందదు. ట్రైపాడ్ రానివ్వరు. అప్పుడు చేసే పని ఒకటే. కెమెరాను గోపురం మధ్యకి సరిగ్గా కింద, నేలమీద వెల్లకిలా పెట్టి, పది సెకన్ల టైమరు నొక్కి, పక్కకి తప్పుకోవడం. జ్...జ్... అని టైమరు తిరుగుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు కెమెరాని తొక్కకుండా చేతులు చాచి కాపు కాయడం. ఫోన్‌తో ఇప్పటికీ అలాగే తీయవచ్చు. చేత్తో పట్టుకుని తల వెనక్కి వంచి తీసినదానికన్నా ఎప్పుడూ తిన్నగా వస్తుంది.

తిరుగు ప్రయాణానికి 72 గంటల ముందు విమాన సంస్థ ఆఫీసుకు ఫోను చేసి సీటు ఖాయం చేసుకోవాల్సి వచ్చేది, లేకపోతే పేరు కొట్టేసేవాళ్ళు. కార్బను ఆకుల టికెట్టు, వాటి ఎర్రసిరా చేతికి అంటడం. ట్రావెలర్స్ చెక్కుల నంబర్లు వేరే కాగితం మీద రాసి వేరే సంచిలో పెట్టడం. ఇవేవీ మళ్ళీ రావాలని కోరుకోను.

*

మెక్సికోలోని పాత మాయా నగరం చిచెన్ ఇట్జాలో ఎల్ కస్తీయో పిరమిడ్ మీదికి 2006 దాకా ఎక్కనిచ్చేవాళ్ళు. నాలుగు వైపులా తొంభై ఒక్కటేసి మెట్లు, పైన గుడి అరుగు కలిపితే 365. ఎక్కడం ఎవరైనా ఎక్కేవాళ్ళు. పైకెళ్ళి వెనక్కి తిరిగి చూశాక అసలు సంగతి తెలిసేది. మెట్టు వెడల్పు మన పాదంకన్నా తక్కువ, పైనుంచి చూస్తే మెట్లు కనపడవు, ఒక గోడే కనపడుతుంది. మెట్ల మధ్యలో ఒక గొలుసు వేలాడేది. దాన్ని పట్టుకుని వెనక్కి తిరిగి దిగేవాళ్ళు, కూర్చుని ఒక్కో మెట్టూ జరిగేవాళ్ళు. తెలిసినవాళ్ళు మాత్రం పాదం అడ్డంగా వేసి, వంకరటింకరగా ఒక పక్కనుంచి మరో పక్కకి నడుస్తూ తేలిగ్గా దిగేవాళ్ళు. ఒక మనిషి పడి చనిపోయాక మూసేశారు.

ఎక్కడం పోయినా, ఆ పిరమిడ్ దగ్గర చప్పట్లు పోలేదు. ఉత్తరపు మెట్లకి ఎదురుగా కాస్త దూరంలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొడితే కెట్జాల్ పక్షి కూసినట్టు కిచ్‌మని కిందికి జారే కూత తిరిగొస్తుంది. ఒక్కో మెట్టు నుంచి చప్పుడు విడివిడిగా వెనక్కొస్తుంది. పై మెట్ల నుంచి వచ్చేవాటి మధ్య ఎడం పెరుగుతూ పోతుంది, అందుకే స్వరం దిగుతుంది. మధ్యాహ్నం అయితే ప్రతివాడూ కొడుతుంటాడు, ఏదీ వినపడదు. తలుపు తీయగానే వెళ్ళినవాళ్ళకే ఆ పక్షి పలుకుతుంది.

*

ఇస్తాంబుల్ హగియా సోఫియాలో ఏళ్ళ తరబడి నడిబొడ్డున ఇనప పరంజా ఉండేది. నేల నుంచి గుమ్మటపు గోపురం దాకా, నాలుగో వంతు జాగాని మూసేస్తూ. ఒక వంతు పని అయ్యాక దాన్ని పక్క వంతుకు జరిపేవాళ్ళు. ఎప్పుడు వెళ్ళినా గోపురం ముప్పావు వంతే కనపడేది. 2010లో అది తీసేశాక మొదటిసారి లోపలికొచ్చినవాళ్ళు అలా నిలబడిపోయారు. అడుగున నలభై కిటికీలు. వాటి వెలుగులో గోపురం గోడల మీద ఆనినట్టే ఉండదు. 537లో పూర్తయిన మొదటి గోపురం ఇంతకన్నా చదునుగా ఉండేది. చదును గోపురం గోడల్ని బయటికి తోస్తుంది. భూకంపాల్లో దెబ్బతిని 558లో కూలింది. తిరిగి కట్టినప్పుడు సుమారు ఆరు మీటర్లు ఎత్తు పెంచారు. ఎత్తు పెరిగితే బరువు పక్కలకు కాకుండా కిందికి దిగుతుంది. అదే ఈనాటికీ, మధ్యమధ్య మరమ్మతులతో, నిలిచి ఉంది.

మొదట చర్చి, తర్వాత మసీదు, ఆపై మ్యూజియంగా ఉన్నది 2020లో మళ్ళీ మసీదయింది. 2024 నుంచి విదేశీయులు టికెట్టు కొని పై వసారాలోకే వెళ్ళాలి. కింద నేలమీద నడవలేకపోవడం లోటే. కానీ పై వసారాయే లోపలంతటికీ మంచి చోటు. మొజాయిక్‌లు దగ్గరగా ఉన్నాయి. దక్షిణం పక్క పాలరాతి పిట్టగోడ మీద వెయ్యేళ్ళ కిందట ఒక వైకింగ్ సైనికుడు గీసుకున్న పేరు కూడా అక్కడే ఉంది, హాఫ్డాన్ అని. పైకి మెట్లు లేవు. రాళ్ళు పరిచిన ఏటవాలు దారి మెలికలు తిరుగుతూ పోతుంది. రాళ్ళు అరిగి నున్నబడ్డాయి. దిగేటప్పుడు గోడ పక్కనే నడవండి.

*

కంబోడియాలోని అంకోర్ వాట్‌లో మూడో అంతస్తు మెట్లు సుమారు డెబ్భై డిగ్రీల నిటారు. చేతులు కూడా నేలకి ఆనించి, పాకుతూ ఎక్కేవాళ్ళు. ఇప్పుడు వాటి మీద చెక్కమెట్లు, కమ్మీలు వేశారు. భుజాలు, మోకాళ్ళు కప్పుకోకపోతే పైకి పంపరు. బౌద్ధుల పుణ్యదినాల్లో ఆ అంతస్తు మూస్తారు. ఒక్కరోజు టికెట్టు 37 డాలర్లు, మూడు రోజులది 62. రెండు రోజులున్నా మూడు రోజులదే లాభం.

సూర్యోదయానికి కొలను దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. గుడి పడమటి ముఖం, సూర్యుడు దాని వెనకనుంచి లేస్తాడు. పొద్దు పొడవగానే ఆ జనమంతా పలహారానికి హోటళ్ళకి వెళ్ళిపోతారు. అప్పుడు వెళ్ళాల్సిన చోటు తూర్పు వసారాలో దక్షిణపు సగం. అక్కడ గోడ పొడుగునా నలభై తొమ్మిది మీటర్ల క్షీరసాగర మథనం. ఒకవైపు అసురులు, ఒకవైపు దేవతలు వాసుకిని పట్టి లాగుతుంటారు. మధ్యలో విష్ణువు, కింద కూర్మం, మథనపు తాకిడికి చేపలూ మొసళ్ళూ ముక్కలైపోతుంటాయి. ఉదయపు ఎండ స్తంభాల మధ్యనుంచి పక్కవాటుగా తగిలి ప్రతి కండరం పైకి లేస్తుంది. మధ్యాహ్నం వెళ్తే అదే గోడ చప్పగా ఉంటుంది. ఒకప్పుడు ఆ శిల్పాలను చేత్తో తడిమేవాళ్ళు. అందిన చోటల్లా రాయి నల్లగా నిగనిగలాడుతుంటుంది. ఆ మెరుపు పాలిష్ కాదు, చేతుల జిడ్డు.

ఇండోనేషియాలోని బౌద్ధ కట్టడం బోరోబుదూర్‌లోనూ అంతే. చిల్లుల స్తూపాల్లోకి చెయ్యి దూర్చి లోపలి బుద్ధుణ్ణి ముట్టుకుంటే మంచిదని అందరూ ప్రయత్నించేవాళ్ళు. అక్కడి అసలు శత్రువు నీరు. మట్టిదిబ్బ మీద రాళ్ళు పేర్చి కట్టిన కట్టడం అది. వాననీరు దిబ్బలో ఇంకి గోడల్ని లోపలినుంచి తోసేది. 1975 నుంచి 1982 దాకా పది లక్షలకు పైగా రాళ్ళు విప్పి, నీరు పోయే దారులు వేసి, తిరిగి పేర్చారు. ఆ తర్వాత మిగిలిన శత్రువు జనం చెప్పులు. అడుగుకి అంటుకున్న ఇసుక ప్రతి మెట్టునీ ఆకురాయిలా అరగదీసింది. ఇప్పుడు రోజుకు ఇంతమందని లెక్కపెట్టి పైకి పంపుతున్నారు, అదీ వాళ్ళిచ్చే మెత్తటి అల్లిక చెప్పులు వేసుకుని, గైడు వెంట. పొద్దుటి వేళలకి ముందుగా బుక్ చేసుకోండి. తూర్పు మెట్ల నుంచి మొదలుపెట్టి, కట్టడం కుడిచేతి వైపు ఉండేలా ప్రదక్షిణగా నడిస్తే రాతి కథలు వరసలో వస్తాయి. గైడు తిన్నగా పై స్తూపాల దగ్గరికి తీసుకుపోబోతే, కింది వసారాల్లో ఒక్క చుట్టయినా తిప్పమని అడగండి.